భోషాణంలో పట్టుచీర: భద్రం ఎవరికి?

శ్రావణం నుంచి దీపావళి దాకా మన ఇళ్లల్లో పెట్టెలు తెరుచుకునే కాలం. పెళ్లినాటి మధుపర్కాలు, అత్తగారిచ్చిన కంచిపట్టు, అమ్మమ్మ కట్టిన గద్వాల చీర బయటికొస్తాయి. కోస్తావాళ్లకి అది భోషాణం, తెలంగాణవాళ్లకి సందుగ. ఈ రెండో మాట అరబ్బుల 'సందూక్' నుంచి వచ్చిందే. మేముంటున్న కర్జకాన్‌కి ఇదేమీ కొత్త కాదు. పూర్వం గల్ఫ్ పెళ్లికూతుళ్ల బట్టలు దాచింది ఇత్తడి మేకులు కొట్టిన చెక్క సందూకుల్లోనే. వాటిలో చాలా పెట్టెలు మన దేశపు పడమటి రేవుల నుంచి ఓడల్లో వచ్చాయి.

మూత తీయగానే ముక్కుకి తగిలే ఘాటు మాత్రం కలరా ఉండలది. (కలరాకీ వీటికీ ఏమిటి సంబంధమో!) మేము వైద్యం చదివిన రష్యాలోనూ ఉన్నికోట్ల బీరువాల్లో ఇదే వాసన. ఇవి నాఫ్తలీన్ ఉండలు. చీరకి భద్రమని వేసినవి ఇంటికంతటికీ భద్రమేనా అన్నదే మా ప్రశ్న.

ఎర్ర రక్తకణాల్ని కాపాడే జీ6పీడీ అనే ఎంజైము కొందరికి పుట్టుకతోనే తక్కువ. మగపిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. బహ్రెయిన్‌లో ఈ లోపం చాలా మామూలు, మన తెలుగువాళ్లలోనూ ఉంది. 'ఫూల్' చిక్కుళ్లు పడని జబ్బు అంటే ఇక్కడివాళ్లకి వెంటనే తెలుస్తుంది. ఇలాంటి పసివాడికి నాఫ్తలీన్ ఆవిరి తగిలితే రక్తకణాలు పగులుతాయి, కామెర్లు ముదురుతాయి, మెదడు దెబ్బతినవచ్చు. నూనె రాసిన ఒంటికి ఇది మరింత తేలిగ్గా ఎక్కుతుంది. 1963లో గ్రీసు వైద్యులు ఇలా జబ్బుపడ్డ 21 మంది పసిపిల్లల గురించి రాశారు. చాలామంది ఉండల్ని మింగలేదు, వాటితో దాచిన బట్టల, దుప్పట్ల ఆవిరి పీల్చారంతే. ఇద్దరు దక్కలేదు. లోపం లేని పిల్లలూ ఆ 21 మందిలో ఉన్నారు. యూరోపియన్ యూనియన్‌లో 2008 నుంచి వీటి అమ్మకం లేదు.

ఇది చెబితే పెద్దవాళ్లు అనే మాట ఒకటుంది: "మేమంతా ఆ చీరల్లోనే పెరిగాం, ఏమైంది?" ఏమీ కానివాళ్లే కదా ఆ మాట అనడానికి మిగిలింది! పైగా మన ఆచారం వేరు. పురిటిబిడ్డకి చుట్టింది, ఉయ్యాల కట్టింది రోజూ కట్టి ఉతికి మెత్తబడ్డ నేతచీరతో. అది పెట్టెలోది కాదు, దండెం మీదిది. పరాయిదేశంలో బారసాలకి ఆ పాత చీర ఎక్కడ దొరుకుతుంది? సూట్‌కేసులో వచ్చేది అపురూపమైన చీరే, ఉండల వాసనతో సహా. నాయనమ్మ ప్రేమగా పరిచేదీ అదే. ఆవిడ మనసు నొప్పించకుండా వద్దనడం ఎలా అని కోడళ్లు మమ్మల్ని అడుగుతుంటారు. నొప్పించైనా సరే, వద్దనాలి. పురుగు కొడితే చీరకి చిల్లు పడుతుంది, అంతే.

అలాగని అమ్మ చీరని పురుగుకి వదలమనడం లేదు. పురుగుకి కావలసింది చీకటి, కదలని మడత, చెమట మరకలు. కట్టిన చీరని శుభ్రం చేయించకుండా లోపల పెట్టకండి. ఉతికిన తెల్ల పంచెలో చుట్టండి, చెక్క మరక అంటదు. ప్లాస్టిక్ సంచి వద్దు. మూడు నాలుగు నెలలకోసారి తీసి మడత మార్చితే జరీ విరగదు. నీడలోనే ఆరేయండి. ఇక్కడ ఆగస్టు, సెప్టెంబరు గాలి తడిగుడ్డలాంటిది, ఆ పని చలికాలంలో చేసుకోండి. ఎండిన వేపాకు, వట్టివేరు, మొగలిరేకులు మన పెద్దలు వాడినవే. శివుడు కాదన్న మొగలిపువ్వుకి అమ్మమ్మల పెట్టెలో చోటు దొరికింది! ఇవి పురుగుని చంపవు, కాబట్టి మీరు చూసుకుంటూ ఉండాల్సిందే. ఉండలకి బదులు కర్పూరం మాత్రం పెట్టకండి, పిల్లలు మింగితే ఫిట్స్ వస్తాయి.

ఇప్పటికే పెట్టెలో ఉండలుంటే తీసేయండి. ఆ బట్టల్ని చాలా రోజులు గాలికి ఉంచి, ఉతకగలిగినవి ఉతికాకే వాడండి. నెలల పాప ఉన్న ఇంట్లో ఆ పెట్టె పడకగదిలో ఉండకూడదు. బిడ్డ కళ్లు, ఒళ్లు పచ్చబడినా, మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా, పాలు తాగకుండా మగతగా ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. పెట్టెలో ఉండలున్న సంగతి కూడా డాక్టరుకి చెప్పండి.