కప్పుకు పిట్టగోడ

వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 22:8; యెహెజ్కేలు 34:18-19; యాకోబు 5:1-6

పాలమూరు, నల్లగొండ, హనుమకొండ ప్రాంతముల నుండి చేతిసంచితో బయలుదేరి భివండీలోను, షోలాపూర్‌లోను, సూరత్‌లోను స్థిరపడిన మన సంఘములను ప్రభువు ఇంతవరకు కాపాడినందుకు ఆయనకే స్తోత్రము.

ఇక్కడికి వచ్చిన నాడు మనమందరము కూలివారమే. ఒకరి కార్ఖానాలో పన్నెండు గంటలు సాంచాల మధ్య నిలబడి, రాత్రిపాళీ దిగి, ఒకే గదిలో పదిమంది వంతులవారీగా నిద్రపోయిన దినములు మన పెద్దలకు జ్ఞాపకమున్నవి. ప్రభువు దయవలన నేడు మనలో కొందరికి నాలుగు సాంచాలున్నవి, కొందరికి ఇరువది నాలుగు ఉన్నవి. కొందరు సైజింగ్ నడుపుచున్నారు, మరికొందరు గోదాములు, టెంపోలు చూచుకొనుచున్నారు. మనలను ‘సేఠ్’ అని పిలుచువారు ఉన్నారు. గనుక ఈసారి యజమానులైన సహోదరులతో కొన్ని మాటలు చెప్పవలెనని ఆశించుచున్నాము. కూలిపని చేయు సహోదరులు ఈ పుట తిప్పివేయవద్దు. నేటి కూలివాడే రేపటి యజమాని కావచ్చునని మన సంఘ చరిత్రయే చెప్పుచున్నది.

మోషే ధర్మశాస్త్రములో ఒక చిన్న ఆజ్ఞ ఉన్నది. క్రొత్త ఇల్లు కట్టువాడు కప్పు చుట్టు పిట్టగోడ కట్టవలెను. కట్టనియెడల, ఎవడైనను అక్కడనుండి పడి చనిపోయినప్పుడు ఆ రక్తాపరాధము ఆ ఇంటిమీదికి వచ్చును. ఆ దేశములో ఇండ్ల కప్పులు చదునైనవి. రాహాబు తన మిద్దెమీద జనుపకట్టె ఆరవేసికొనెను, పేతురు ప్రార్థన చేసికొనుటకు మిద్దె ఎక్కెను. మనుష్యులు తిరుగు స్థలము గనుక దేవుడు దానికి గోడ అడిగెను.

ఈ ఆజ్ఞలో మూడు సంగతులు గమనించుడి. మొదటిది, ఎవడును పడకముందే గోడ కట్టవలెను. పడిన తరువాత దవాఖానా ఖర్చు ఇచ్చుట మంచిదే, అయితే దేవుడు అడిగినది అది కాదు. రెండవది, పడినవాడు తన కాళ్లతోనే నడిచి అంచుకు వెళ్లియుండవచ్చును. అయినను దేవుడు ఇంటి యజమానినే అడుగుచున్నాడు. ‘వాడే చూచుకోవలసినది’ అను మాట అక్కడ చెల్లదు. మూడవది, ఇది రాజభవనమునకు మాత్రమే ఇచ్చిన ఆజ్ఞ కాదు. క్రొత్త ఇల్లు కట్టిన ప్రతివాని కొరకు ఇచ్చినది. నాలుగు సాంచాలవాడు కూడ కప్పు వేసినవాడే.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకొనవలసియున్నది. కొన్నేండ్ల క్రిందట మన సంఘములోని ఒక యజమాని సహోదరుడు ఆలయమునకు ఆరు పంకాలు ఇచ్చెను. మేము ఆయనను ముందు వరుసలో నిలబెట్టి, దండ వేసి, చప్పట్లు కొట్టించాము. అదే ఆదివారము వెనుక చాపమీద ఆయన కార్ఖానాలోనే పనిచేయు ఒక సహోదరుడు కూర్చుండి దగ్గుచుండెను. మేము ఆ దగ్గు విన్నాము. ఆరాధన అయిన తరువాత అతని తలమీద చేయి ఉంచి ప్రార్థన చేసాము. అతడు పనిచేయు షెడ్డుకు కిటికీ ఉన్నదా అని మాత్రము మేము అడుగలేదు.

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినవారము. బిడ్డకు పలకమీది అక్షరము కనబడనప్పుడు బిడ్డ తెలివిని అనుమానించకముందు గదిలోనికి వెలుతురు ఎటునుండి వచ్చుచున్నదో చూడుమని మాకు ఆ దినములలోనే నేర్పారు. బడిలో పాటించిన ఆ పాఠమును సంఘములో మరచిపోయాము.

కొన్ని నెలలకు ఆ సహోదరుడు పని మానుకొని భార్యాపిల్లలతో ఊరికి వెళ్లిపోయెను. తిరిగి రాలేదు. అప్పుడు మేము యజమాని సహోదరుని దగ్గరకు పోయి, కార్ఖానా సంగతి కొంచెము గట్టిగానే అడిగాము. ఆయన కోపపడలేదు. తల వంచుకొని ఇట్లనెను: “సారూ, గుడికి ఫ్యాన్లు కావాలని మీరు అడిగిండ్రు, నేను ఇచ్చిన. నా కార్ఖానకు కిటికీ ఉన్నదా అని ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న అడిగిండ్రా?” మాకు జవాబు లేకపోయెను. ఆ మాట నేటికిని మమ్మును విడువలేదు.

ప్రియులారా, యజమాని కట్టవలసిన పిట్టగోడలు ఏవి? మూడింటిని చెప్పెదము.

మొదటి గోడ పనిచోట కట్టవలసినది. నూలు ధూళి ఏండ్ల తరబడి పీల్చినవారికి బిసినోసిస్ అను ఊపిరితిత్తుల జబ్బు రావచ్చునని వైద్యులు చెప్పుదురు. సెలవు దినము గడిచి మరల పనిలోనికి వచ్చిన మొదటి దినమున ఛాతీ బిగపట్టుట దాని తొలి గురుతు. విశ్రాంతి తరువాత తేలికగా ఉండవలసిన శరీరము ఆ దినమే బరువెక్కును. అదేవిధముగా ఎనుబది అయిదు డెసిబెల్స్ దాటిన శబ్దములో దినమునకు ఎనిమిది గంటలు, ఏండ్ల తరబడి పనిచేసినవారి చెవులు క్రమముగా మందగించును. సాంచాల మోతలో చెవి దగ్గర నోరుపెట్టి అరచి మాట్లాడుకొనువారమే మనము, మనకు ఎవరు చెప్పనక్కరలేదు. ధూళిని బయటికి లాగు పంకా, ఎదురెదురుగా కిటికీలు, చెవిలో పెట్టుకొను బిళ్లలు, బెల్టుకు అడ్డుగా ఇనుప జాలి, బీములు అడ్డము పెట్టని దారి, రాత్రిపాళీలో తాళము వేయని రెండవ తలుపు. ఇవే మన పిట్టగోడలు. వీటిలో చాలా వాటికి ఒక సాంచా వెలలో కొద్ది భాగము కూడ పట్టదు.

కప్పు సంగతి కూడ మరువరాదు. 2020 సెప్టెంబరు 21న తెల్లవారుజామున మన భివండీలో మూడంతస్తుల జిలానీ భవనము కూలి దాదాపు నలుబది మంది నిద్రలోనే ప్రాణములు విడిచారు. 2023 ఏప్రిల్‌లో మన అంజూర్ ఫాటాకు దగ్గరి వల గ్రామములో గోదాము భవనము కూలి మరికొందరు చనిపోయారు. పగుళ్లు చూచినను అద్దె పోవునని ఊరకుండుట రక్తాపరాధమునకు చేరువగా నివసించుటయే.

రెండవ గోడ లెక్కల పుస్తకములో కట్టవలసినది. బిగపట్టిన కూలి తానే మొరపెట్టునని, ఆ మొర సైన్యముల ప్రభువు చెవిని చేరునని యాకోబు భక్తుడు హెచ్చరించెను. మన దగ్గర కూలి మీటరు లెక్కన ఇచ్చుచున్నాము. ఎన్ని మీటర్లు నేసెనో, ఏ దోషమునకు ఎంత కోసితిమో, బాకీ ఎంతయో కార్మికుని చేతిలో వ్రాసి పెట్టినవారు మనలో ఎందరు? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము కరెంటుతో నడుచు పనిచోట పదిమంది ఉన్నయెడల వర్తించునట్లు వ్రాయబడినది. దానిని తప్పించుకొనుటకు ఒకే కప్పు క్రింది సాంచాలను భార్య పేర, తమ్ముని పేర, బావమరది పేర ముక్కలు చేసినవారు మన ఊరిలో ఉన్నారు. ఇన్‌స్పెక్టరుకు నాలుగు కార్ఖానాలుగా కనబడినది దేవునికి ఒకే కప్పుగా కనబడును.

2020లో దేశమంతట లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఈ లెక్క బయటపడినది. సాంచాలు ఆగినవి. మే నెల తొలి దినములలో మన అంజూర్ ఫాటా దగ్గరి భివండీ రోడ్ స్టేషను నుండి గోరఖ్‌పూర్‌కు శ్రామిక రైలు కదిలినది. ఏండ్ల తరబడి మన ఊరిలో బట్ట నేసినవారు మూటలతో వరుసగా నిలుచుండిరి. ఎవరి పేరు పుస్తకములో ఉన్నదో, ఎవరి పేరు లేదో ఆ వేసవిలో తెలిసినది. పేరు లేనివానికి బాకీ అడుగుటకు కూడ ఆధారము లేదు.

మూడవ గోడ నీళ్ల దగ్గర కట్టవలసినది. తాము తేటనీళ్లు త్రాగి, మిగిలిన నీళ్లను కాళ్లతో కలకచేసి, బలహీనమైన గొఱ్ఱెలను ఆ బురదనే త్రాగనిచ్చు మందను గూర్చి ప్రభువు యెహెజ్కేలు ద్వారా తీర్పు పలికెను. మన ఊరి కామ్వారీ నదిని చూచినప్పుడెల్ల ఆ అధ్యాయము మాకు జ్ఞాపకము వచ్చును. సైజింగు గంజినీళ్లు, అద్దకపు రంగునీళ్లు, ఇండ్ల మురుగు అన్నియు అందులోనికే పోవుచున్నవి. మన ఇండ్లలో వడపోత యంత్రము పెట్టుకొని తేటనీళ్లు త్రాగుచున్నాము. ఒడ్డున గుడిసెలలో ఉన్నవారు ఏమి త్రాగవలెను? ఈ తరము తన అవసరము తీర్చుకొనుటలో రాబోవు తరముల అవసరమునకు గండి కొట్టకూడదని 1987లో ఐక్యరాజ్యసమితి నియమించిన బ్రుంట్‌లండ్ సంఘము లోకమునకు చెప్పెను. ఏడవ యేట భూమికి విశ్రాంతి ఇమ్మని చెప్పిన దేవుని బిడ్డలకు ఇది క్రొత్త మాట కాకూడదు.

“అయ్యగారూ, చెప్పుట సులభమే, మాకే గిట్టుట లేదు” అని కొందరు అందురు. మేము కాదనము. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయినప్పుడు, 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చినప్పుడు మన సాంచాలు ఎన్ని దినములు ఆగినవో చూచాము. ఎందరో తమ సాంచాలను పాత ఇనుము ధరకు తూకమునకు అమ్ముకొన్నారు. నూలు ఇచ్చు వ్యాపారి మజూరీ తగ్గించును, కరెంటు బిల్లు మాత్రము తగ్గదు. చిన్న యజమాని కూడ ఒకరి క్రింద నలుగుచున్నవాడే. అయినను తనను నలిపినవానిని చూపి తాను మరొకని నలుపుటకు ధర్మశాస్త్రములో అనుమతి లేదు. ఐగుప్తులో మీరు దాసులైయున్న సంగతి మరువకుడి అని దేవుడు మరల మరల చెప్పినది అందుకే. అన్నియు ఒక్కసారి చేయలేనియెడల ఈ సంవత్సరము ఒక గోడ కట్టుడి. ఖర్చు లేని గోడతో మొదలుపెట్టుడి. రెండవ తలుపు తాళము తీయుటకు డబ్బు అక్కరలేదు.

మన తెలుగు బాప్టిస్టు చరిత్రలోనే ఒక మాదిరి ఉన్నది. 1876-78 గొప్ప కరవులో ప్రభుత్వము బకింగ్‌హామ్ కాలువ పని పెట్టించెను. పనికి పోయిన బీదలను మేస్త్రీలు అక్కడక్కడ హీనముగా చూచుచుండిరి. ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ గారు యౌవనములో భూమి సర్వే పని నేర్చినవారు. ఆయన ఆ కాలువలో కొన్ని మైళ్ల త్రవ్వకము తానే కాంట్రాక్టుగా తీసికొని, తన బోధకులను పనిమీద పెట్టి, ఆకలితో వచ్చిన వేలమందికి పని ఇచ్చి కూలి ఇప్పించెను. ఆ దినములలో ఎందరో బాప్తిస్మము అడిగినను ఆయన ఇవ్వలేదు. కూలి కొరకు విశ్వాసులైనారను మాట రాకూడదని ఆయన తలంపు. సహాయపు పనులు ముగిసిన తరువాతనే నీళ్లలోనికి దిగిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఆ సంఖ్యను మన సంఘములలో ఎన్నోసార్లు చెప్పుకొన్నాము. దాని వెనుక నిలిచిన యజమానిని అంతగా చెప్పుకొనలేదు. ఆయన చేతిలో పని ఉన్నది, కూలి ఉన్నది. ఆ అధికారముతో ఆయన మనుష్యుల ఆత్మలను కొనలేదు, వారి వందనములను కూడ కొనలేదు. మన యజమాని సహోదరులు కూడ కార్మికుని ఓటును, సంఘ కమిటీలో అతని చేయి ఎత్తుటను, ఆలయములో అతని మౌనమును కూలితో కొనకూడదు.

2013 కంపెనీల చట్టము ప్రకారము పెద్ద కంపెనీలు తమ సగటు లాభములో నూటికి రెండు వంతులు సమాజ సేవకు వెచ్చించవలెను. ఐదువందల కోట్ల ఆస్తి గాని, వెయ్యి కోట్ల వ్యాపారము గాని, ఐదు కోట్ల లాభము గాని ఉన్నవారికి ఆ నియమము. మన కార్ఖానాలు ఆ లెక్కలోనికి రావు. గనుక మనలను అడుగునది మనస్సాక్షి, సంఘము, దేవుడు. ఇంకొక మాట. ఆ రెండు వంతులు లాభము వచ్చిన తరువాత ఇచ్చునవి. పిట్టగోడ లాభము రాకముందే కట్టవలసినది. లాభము ఎట్లు వచ్చినదని అడుగక, వచ్చినదానిలో ఎంత ఇచ్చితివని మాత్రమే అడుగు సంఘము జక్కయ్య కథను సగమే చదివిన సంఘము.

మరికొన్ని వారములలో మన కోత పండుగ రానున్నది. బలిపీఠమునొద్ద సహోదరునితో ఉన్న బాకీ జ్ఞాపకము వచ్చినయెడల అర్పణము అక్కడనే విడిచి వెళ్లుమని ప్రభువు చెప్పెను. గనుక యజమానులైన సహోదరులారా, ఈసారి కవరు తెచ్చుటకు ముందు ఒక రాత్రిపాళీ వేళ మీ కార్ఖానాకు పోయి పావుగంట నిలుచుండుడి. ఆ గాలి పీల్చుడి. వెనుక తలుపు త్రోసి చూడుడి. కార్మికుని చేతిలో లెక్క చీటీ ఉన్నదా అని అడుగుడి. మీ నీళ్లు ఎక్కడికి పోవుచున్నవో కాలువ వెంబడి నడిచి చూడుడి. పెద్దలమైన మేము కూడ ఇకమీదట కానుకల చీటీతో మాత్రమే మీ గుమ్మము ఎక్కము. పిలిచినయెడల మీతో కూడ వచ్చి చూచెదము.

ఆ యజమాని సహోదరుడు తరువాత తన కార్ఖానా గోడలకు రెండు వైపుల కిటికీలు తెరిపించి, పెద్ద పంకా పెట్టించెను. దానికి ఎవరును దండ వేయలేదు. ఊరికి వెళ్లిన సహోదరుని వెనుక చాప నేటికిని ఖాళీగానే ఉన్నది. ఆ కిటికీ అతని కొరకు తెరువబడలేదని మాకు తెలియును. అతని తరువాత వచ్చినవారి కొరకైనను తెరువబడినది.

ప్రార్థన: మా ఇంటికి యజమానివైన ప్రభువా, మాకు కప్పు ఇచ్చితివి, దాని క్రింద పనిచేయుటకు మనుష్యులను ఇచ్చితివి. వారి ఊపిరి, వారి కూలి, వారు త్రాగు నీళ్లు నీ యెదుట మా లెక్కలో ఉన్నవని మాకు జ్ఞాపకము చేయుము. అడుగవలసినది అడుగక ఊరకున్న మా పెద్దరికమును క్షమించుము. ఎవడును పడకముందే గోడ కట్టు మనస్సు మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.