పక్కూరి రాళ్ళు

నకరికల్లు మిర్చి రైతు ఒకాయన, భార్యను వెంటబెట్టుకుని లండన్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళాడు. ఒకరోజు కొడుకూ కోడలూ ఆఫీసులకు పోయాక, ముసలాళ్ళిద్దరే ఊరు చూడ్డానికి బయల్దేరారు.

ఆయన ఏ ధర చూసినా పౌండ్లను రూపాయల్లోకి, రూపాయల్ని మిర్చిలోకి మార్చి గానీ వదలడు. థేమ్స్ ఒడ్డున పెద్ద చక్రం దగ్గర బోర్డు చూసి, "ఇద్దరం ఎక్కితే టిక్కీ మిర్చికి పైనే పోద్ది. కిందనుంచి చూస్తే కనబడదా ఏంది?" అన్నాడు. బిగ్ బెన్ కింద ఒక ఫొటో, రాజుగారి కోట గేటు ముందు ఒక ఫొటో తీసుకున్నారు. ఆమెకు మోకాళ్ళు పీకుతున్నాయి. "యాడన్నా కాసేపు కూచుందామయ్యా" అంది. బ్రిటిష్ మ్యూజియంలోకి టికెట్ లేదని కొడుకు చెప్పింది గుర్తొచ్చి, అటు నడిపించాడు.

33ఎ గదిలోకి రాగానే ఆమె కూచునే సంగతే మర్చిపోయింది. లేత రంగు రాతి పలకల మీద విచ్చుకున్న పద్మాలు, ఏనుగులు, చేతులు జోడించిన ఆడవాళ్ళు. ఒక పలక మీదైతే స్తూపాన్ని స్తూపంగానే చెక్కారు.

"ఏందయ్యా, ఇది మన పిడుగురాళ్ళ దిక్కు రాయిలా ఉందే!"

ఆయన నవ్వాడు. పక్కనున్న చీటీ కూడబలుక్కుని చదివాక నవ్వు ఆగిపోయింది. అమరావతి అని ఉంది. (ఆమె అన్నది నిజమే. పాలరాయి అని పేరుబడ్డా అది పలనాటి సున్నపురాయి.)

"మన రాళ్ళే! ఎంత దొంగలే వీళ్ళు!" అని ఆయన గొంతు పెంచాడు. నలుగురూ తిరిగి చూశారు.

"అరవమాక" అందామె. "కార్తీకంలో అమరావతి పోయాం. కృష్ణలో మునిగాం, అమరేశ్వరుణ్ణి చూశాం. పక్కనే బుద్ధుడి దిబ్బంట, చూసొద్దామంటే ఏమన్నావు?"

ఆయన మాట్లాడలేదు.

"రాళ్ళల్లో ఏముందే, సత్తెనపల్లి బస్సు పోద్ది అన్నావు."

నీతి: ఊళ్ళో ఉన్నప్పుడు చూడనివాడికి, పోయిందని అరిచే హక్కు సగమే.

ఆ రైతు కోపం తప్పని ఈ కథ చెప్పదు. బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించిన పలకలు మొదట మద్రాసుకు, అక్కణ్ణుంచి ఓడలో లండన్‌కు పోయి, 1880లో ఆ మ్యూజియంలో చేరాయి. ఆ రోజుల్లో మనల్ని అడిగి తీసుకెళ్ళినవాడు లేడు. తిరిగిమ్మని అడగడంలో న్యాయం ఉంది. అయితే ఇలియట్ రాకముందు జరిగింది కూడా చెప్పుకోవాలి. 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు దిబ్బలోని రాళ్ళు కట్టడాల్లోకి పోయాయి. కొన్ని శిల్పాలు బట్టీల్లో కాలి సున్నమయ్యాయి. లండన్ పోయినవాటిని కనీసం వెళ్ళి చూడొచ్చు, సున్నమైనవాటిని ఎవరూ తేలేరు.

ఆ పాపం మన రైతుది కాదు. ఆయనది బస్సు పోతుందన్న తొందర, అంతే. ఆ తొందర మనలో ఎవరికి లేదు? గుడి దర్శనమవగానే చెప్పులు వెతుక్కుని బస్టాండు దారి పట్టేవాళ్ళమే అందరం.

ఇప్పటికీ చాలా మిగిలింది. మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాలకు ఒక విభాగమే ఉంది. అమరావతిలో ఆ బౌద్ధ స్తూపం (మహాచైత్యం) అడుగుభాగం, దాని దగ్గరే పురావస్తు శాఖ మ్యూజియం ఉన్నాయి. నకరికల్లు నుంచి పొద్దున బయల్దేరితే చీకటి పడకముందే ఇల్లు చేరొచ్చు. ఈసారి అమరేశ్వరుడి దర్శనం అయ్యాక ఆ కాస్త దూరమూ నడవండి. శుక్రవారం మాత్రం వద్దు, మ్యూజియానికి సెలవు.