ఈ బుగులు ఎవరిది?

చిల్పూర్ గుట్ట మీది స్వామి పేరు బుగులు వేంకటేశ్వరుడు. కుబేరుడి అప్పు ఎలా తీర్చాలన్న బుగులుతోనే ఇక్కడికొచ్చి తపస్సు చేశాడని స్థలపురాణం. దేవుడికే అప్పు బుగులుంటే, పితృఋణం ఉన్న మన సంగతేంటి ఫ్రెండ్స్?

తెలంగాణలో ఆసరా పింఛను 2014లో మొదలైంది, 2019లో వృద్ధులకు నెలకు 2,016 రూపాయలైంది. ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ ఉంది. ఇవి దానం కాదు, బతుకంతా కష్టపడ్డవాళ్లకు సమాజం తీర్చే బాకీ. ధరలతో పాటు పింఛనూ పెరగాలని అడగడం మన ధర్మమే.

కానీ సర్కారు కట్టిందని మన బాకీ మాఫీ కాదు. తల్లిదండ్రుల పోషణ పిల్లల బాధ్యతని 2007 చట్టం చెప్పింది. అది నెలనెలా డబ్బు ఇప్పించగలదు. "బీపీ గోలి వేసుకున్నవా నాయినా?" అని అడిగించలేదు.

ఈసారి గుట్టెక్కే ముందు, ఇంట్లో పెద్దవాళ్ల బుగులేంటో అడగండి.