ఎదుటివాళ్ల కంచంలోకి

ఎవరైనా తింటూంటే నోటివంక చూడకూడదు. ఈ మాట వినకుండా పెరిగిన ఆడపిల్ల మనలో ఉండదనుకుంటాను. పొరుగింటికి వెళ్లేసరికి వాళ్లు భోజనాల దగ్గర ఉంటే గుమ్మంలోంచే వెనక్కి వచ్చెయ్యాలి. చంటిపిల్లలకి అన్నం పెట్టేటప్పుడు తలుపు ఓరగా వెయ్యాలి. చూస్తే దిష్టి. చూసినవాళ్లకి మర్యాద కాదు, తిన్నవాళ్లకి అరగదు.

ఇంత కట్టుదిట్టంగా పెరిగిన మనమే ఇవాళ పొద్దు గుంకేసరికి కాళ్లు చాపుకుని కూర్చుని, ముక్కూ మొహం తెలియనివాళ్ల కంచాల్లోకి తనివితీరా చూస్తున్నాం. ఒకాయన అమృత్‌సర్‌లో వేడివేడి కుల్చా తుంచి నోట్లో పెట్టుకుంటాడు. ఇంకొకావిడ జపానులో గిన్నెడు నూడుల్స్ జుర్రుతుంది. ఇక్కడ మనం గుటకలు వేస్తాం. ఇందులో తప్పుందా? ఉంటే ఎంత? ఈమధ్య ఈ ప్రశ్న నన్ను పట్టుకుని వదలడం లేదు. ఎందుకంటే, దాచడమెందుకు, టి.వి.లో వంటల ప్రోగ్రాములన్నా, ఊరూరా తిరిగి తినే ప్రోగ్రాములన్నా నాకు ప్రాణం.

మా పక్కవాటా పిన్నిగారికి ఇదంతా గిట్టదు. "వండేదీ లేదు, తినేదీ లేదు, ఊరికే చూడ్డమేమిటే? జిహ్వచాపల్యం కాకపోతే!" అంటారు. "వండుకున్నమ్మకి ఒకటే కూర, అడుక్కున్నమ్మకి అరవై కూరలని ఊరికే అన్నారా? నువ్వు చూసే అరవైలో ఒక్కటైనా నీ కంచంలోకి వస్తోందా?" అని నిలదీస్తారు కూడా.

ఆవిడ మాటలో నిజం లేకపోలేదు. కాని సామెతకి సామెతతోనే జవాబు చెప్పాలంటే, ఆకలి రుచెరుగదని కూడా మన పెద్దవాళ్లే అన్నారు. ఆకలిగా ఉన్నవాళ్లకి వంట కనిపించదు, అన్నమే కనిపిస్తుంది. కడుపు నిండి, చెయ్యి కడుక్కుని, వక్కపొడి నోట్లో వేసుకుని కూర్చున్నప్పుడు చూడండి. అప్పుడు తెలుస్తుంది, ఉల్లిపాయ ఏ రంగులోకి తిరిగితే చాలో, గరిట ఎక్కడ నెమ్మదించాలో. ఆ చూపులో ఆశ ఉండదు. సంగీతం రానివాళ్లు కచేరీ వింటే తప్పులేనప్పుడు, తినబోనివాళ్లు వంట చూస్తే తప్పేమిటి?

పైగా ఈ సరదా టి.వి.తో పుట్టిందేమీ కాదు. మాలతీ చందూర్ గారి 'వంటలు-పిండివంటలు' పుస్తకం తెలుగిళ్లల్లో ఎన్ని తరాల చేతుల్లో నలిగిందో మీకు తెలియంది కాదు. దాన్ని స్టవ్వు పక్కన పెట్టుకున్నవాళ్లు ఎంతమందో, మధ్యాహ్నం నిద్రకి ముందు పడుకుని చదువుకున్నవాళ్లూ అంతమంది. మా అమ్మ ఓవెను ఎలా ఉంటుందో చూడకుండానే పత్రికల్లో కేకు చేసే విధానం నవలలా చదివేది. అమెరికాలో జూలియా చైల్డ్ అనే ఆవిడ 1963లో టి.వి.లో ఫ్రెంచి వంట మొదలుపెడితే, చేసినవాళ్లు కొందరైతే చూసినవాళ్లు కోకొల్లలు. మనకి 1993లో సంజీవ్ కపూర్ 'ఖానా ఖజానా' వచ్చింది. హిందీ సగమే అర్థమైనా పనీరు ముక్కలు పూర్తిగా అర్థమయ్యేవి. ఆ తరవాత తెలుగులో వంటలకే ఒక చానెల్, ఈటీవీ అభిరుచి, వచ్చేసింది.

అయితే నేను చూసేదేమిటి? తిండి అనే అనుకునేదాన్ని. తరచి చూసుకుంటే కాదనిపించింది. నేను చూసేది చేతుల్ని. ముప్పయ్యేళ్లుగా వంటిల్లంటే నా చేతులు నాకు కనిపించే చోటు మాత్రమే. ఇంకెవరో నిలబడి వండుతూంటే నేను కూర్చుని చూడడమనే భోగం నాకు ఈ ప్రోగ్రాముల్లోనే దొరికింది. మీలో చాలామందికి ఇదే కారణమై ఉంటుందని నా అనుమానం.

రెండో లాభం ఇంకా పెద్దది. మాది శాకాహారపు ఇల్లు. వీధిలో ఎవరింట్లోనైనా చేపలు వేగుతూంటే కిటికీ వేసేసే ఇల్లు. అలాంటిది 'హైవే ఆన్ మై ప్లేట్'లో రాకీ, మయూర్ అని ఇద్దరు మిత్రులు దేశమంతా తిరుగుతూంటే చూశాను. ఒకాయన మాంసం తింటాడు, ఇంకొకాయన ముట్టడు. ఒకే బల్ల దగ్గర పక్కపక్కన కూర్చుని, ఎవరి కంచం వాళ్లు తింటూ, ఒకరినొకరు ఏడిపించుకుంటూ నవ్వుకుంటారు. వాసన రాని టి.వి. కాబట్టి నేనూ అక్కడే కూర్చోగలిగాను. చేపని కడిగే తీరులో, పసుపు పట్టించే తీరులో నేను వంకాయ దగ్గర చూపించే శ్రద్ధే ఉంది. ఎవరింటి కుండలో ఏముందో చూసి వాళ్లు ఎలాంటివాళ్లో తేల్చేసే అలవాటు మనలో చాలా పాతది, చాలా చెడ్డది కూడా. ఎదుటివాళ్ల కంచంలోకి చూడకూడదన్న నీతి ఆ అలవాటుని మాన్పించలేదు. చూడడమే కొంత మాన్పించింది.

ఇంతవరకూ నా వాదన బాగానే ఉంది. ఇక రెండో పక్క వినండి.

2016లో ఆంథొనీ బోర్డెయిన్ అనే ఆయన తన ప్రోగ్రాము కోసం వియత్నాం రాజధాని హనోయిలో ఒక చిన్న హోటలుకి వెళ్లాడు. పక్కన ఎవరనుకున్నారు, అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా. ఇద్దరూ పొట్టి ప్లాస్టిక్ స్టూళ్ల మీద కూర్చుని బున్ చా తిన్నారు. కాల్చిన పంది మాంసం, సన్నని బియ్యపు సేమ్యా, పచ్చి ఆకులు. బిల్లు ఆరు డాలర్లు. ఆ హోటలువాళ్లు తరవాత ఆ బల్లనీ, స్టూళ్లనీ అద్దాల గది కట్టి భద్రపరిచారు. ముచ్చటైన సంగతే. తిన్న ఇద్దరూ ఎవరో లోకానికంతటికీ తెలుసు. కూర్చున్న బల్ల ఏదో కూడా తెలుసు. కాని ఆ మాంసం కాల్చిన చెయ్యి ఎవరిదని అడిగినవాళ్లు నాకింతవరకూ తగల్లేదు.

ఈ ప్రోగ్రాములు చూపించేదానికంటే దాచేదే ఎక్కువేమోనని నాకు అనుమానం మొదలైంది అక్కడే. టి.వి. వంటింట్లో కూరలు తరిగి, గిన్నెల్లో సర్ది ఉంటాయి. కూర పొయ్యి మీద పెట్టగానే బల్లకింద నించి ఉడికిపోయిన కూర ఇంకొకటి వస్తుంది. చెమట పట్టదు. అంట్లు ఉండవు. 2019లో కేంద్రప్రభుత్వం మన దేశంలో ఎవరు రోజంతా ఏ పని ఎంతసేపు చేస్తున్నారో లెక్క తీసింది. జీతంలేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు ఆ పని మీద గడుపుతున్నారట. అంటే మనవి అయిదు గంటలకి ఒక్క నిమిషం తక్కువ. టి.వి.లో ప్రకటనలు తీసేస్తే వంటకి అరగంట కూడా పట్టదు. ఆ అరగంటే నిజమని ఇంట్లో మగవాళ్లు నమ్మితే, మిగతా నాలుగున్నర గంటలూ మనం ఏం చేస్తున్నట్టు?

మావారి సంగతే చెబుతాను. టి.వి.లో ఎవరో కుర్రాడు కత్తి టకటకలాడించి ఉల్లిపాయలు తరిగితే, "ఆహా, ఏం చెయ్యి! ఏం చెయ్యి!" అని పడక్కుర్చీలోంచి లేచి కూర్చుంటారు. అదే ఉల్లిపాయ పదడుగుల దూరంలో రోజూ తరగబడుతూనే ఉంది. ఆయన చెడ్డవారు కాదు, కళ్లజోడు కూడా బాగానే పనిచేస్తోంది. కాని ఇంట్లో చెయ్యికి కెమెరా లేదు.

మా ఇంట పనిచేసే ఆవిడ మాట ఇంకొకటి. ఒకరోజు చీపురు పట్టుకుని ఒక నిమిషం ఆగి చూసింది. తెర మీద బూరెలు వేస్తున్నారు. దిష్టి సంగతి గుర్తొచ్చి నా ప్రాణం చివుక్కుమంది. ఈవిడ ఎదుట ఇంత నెయ్యీ, నూనే పారబొయ్యడం చూపించడమేమిటని. ఆవిడ మాత్రం, "అమ్మగారూ, నూనె ఇంకా కాగలేదు, అప్పుడే వేసేసింది. పూర్ణం బయటికొచ్చేస్తది చూడండి" అంది. అన్నట్టే ఒక బూరె చీలింది. నేను నవ్వాను. ఆవిడా నవ్వి, వెళ్తూ వెళ్తూ, "ఆ మూకుట్లో పోసిన నూనె మాకు పదిరోజులొస్తదమ్మా" అంది. ఫిర్యాదుగా అనలేదు. కొలత చెప్పినట్టు చెప్పింది. నాకు మాత్రం ఆ పూట తరవాతి వంట తలకెక్కలేదు.

అప్పుడనిపించింది, ఆ పాత నీతిలో ఉన్నది దిష్టి భయం ఒక్కటే కాదేమోనని. చూసేవాళ్లు ఆకలితో ఉండవచ్చు, వాళ్ల ఎదుట తినేటట్టయితే వాళ్లకీ ఇంత పెట్టాలి. పెట్టలేకపోతే తలుపు వేసుకోవాలి. ఇదీ దాని లోపలి లెక్క. టి.వి.కి తలుపు లేదు. పెట్టే చెయ్యీ లేదు.

కాని పెట్టే చేతులున్న ప్రోగ్రాములూ వచ్చాయి. తెలంగాణలో నారాయణరెడ్డి గారని ఒక తాతగారు 2017 నించి యూట్యూబ్‌లో 'గ్రాండ్‌పా కిచెన్' నడిపారు. ఆరుబయట కట్టెలపొయ్యి మీద పెద్దపెద్ద గుండిగలతో వండి, ఆ వండినదంతా అనాథ పిల్లలకి వడ్డించేవారు. 2019 అక్టోబరులో పోయారు. ఆంధ్రాలో నూరేళ్లు దాటిన మస్తానమ్మ గారు, 2018 డిసెంబరులో పోయేదాకా, నేల మీద చతికిలబడి వండితే లోకమంతా చూసింది. వీళ్లని చూస్తూంటే నాకు సంకోచం అనిపించదు. ఒకచోట తిండి ఎవరికి చేరుతోందో కనిపిస్తుంది, ఇంకోచోట ఎవరి చేతినించి వస్తోందో కనిపిస్తుంది. రెండూ కనిపించకుండా నోరొక్కటే కనిపించే ప్రోగ్రాములున్నాయి చూడండి, ఎదురుగా గుట్టలుగా పోసుకుని పోటీపడి మింగేవి. అవి వస్తే నేను చానెల్ మార్చేస్తాను. అక్కడ మాత్రం చిన్నప్పటి నీతి అక్షరాలా సరిపోతుంది.

కాబట్టి పిన్నిగారికి నా జవాబు ఇదీ. చూడడం తప్పు కాదు. కంచం దాటి చెయ్యిదాకా చూపు వెళ్లాలి. ఊరుగాని ఊళ్లో వండే చేతిని అంత ముచ్చటగా చూసిన కళ్లు, టి.వి. కట్టేశాక ఇంట్లో వండే చేతినీ ఓసారి చూడాలి. అది తల్లిది కానివ్వండి, కోడలిది కానివ్వండి, వంటకి కుదుర్చుకున్న మనిషిది కానివ్వండి. చూసి ఊరుకుంటే చాలదు, లేచి ఒక గిన్నె తొలిస్తే ఇంకా మంచిది. ఈ చివరి మాట మావారు వినేటట్టు కాస్త గట్టిగానే చదివాను.

ఆయన విన్నారో లేదో తెలియదు. రేపు సాయంత్రం గుత్తివంకాయ నాలుగు రకాలుగా చేసి చూపిస్తారట, మరిచిపోకుండా పిలవమన్నారు. పిలుస్తాను. రాత్రికి మాత్రం మా ఇంట్లో చారూ, అప్పడమూను. అప్పడాలు ఆయన కాలుస్తున్నారు.