ఆ వీధి ఎవరిది?

చిన్న ప్రశ్న. రోడ్డు ఎవరిది? బండి ఉన్నవాడిదా, నడిచేవాడిదా?

2021 ఆగస్టులో హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపేయడం మొదలుపెట్టారు. 5 నుంచి 10 దాకా నడిచేవాళ్లకే. సికింద్రాబాద్‌లో ఉన్న అమ్మమ్మ ఇంటికి చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. "ట్యాక్స్ కడుతున్నాం కదా, మనల్ని ఆపడమేంటి?" అని చిరాకు పడ్డాను. అమ్మమ్మ అంది: "నీకు ఒక్క సాయంత్రమేరా దారి లేనిది. నడిచేవాళ్లకి రోజూ లేదు."

నా దగ్గర జవాబు లేదు. తర్వాతి ఆదివారం ఆవిడ్ని అక్కడికే తీసుకెళ్లాను. నడిరోడ్డు మీద, నా చెయ్యి వదిలేసి నడిచింది.

నాకు తిరుమల మాడవీధులు గుర్తొచ్చాయి. అక్కడ మన బండ్లు తిరగవు. బ్రహ్మోత్సవాల్లో వచ్చే వాహనాలు స్వామివారివి. అవి కూడా మనుషుల భుజాల మీద, నడక వేగంతోనే వస్తాయి.

అలాగని కార్లన్నీ పాపమనను. అంబులెన్స్‌కి దారి ఉండాలి. ఆటో అన్నకి ఆ సాయంత్రం బేరాలు పోకూడదు. మళ్లించిన ట్రాఫిక్ ఇంకొకరి గల్లీలో పడకూడదు. ఇవన్నీ చూసుకోవాల్సిందే.

కానీ అపరిగ్రహం అంటే డబ్బు గురించే అనుకుంటాం. ఒక్కడినే కార్లో కూర్చుని, పదిమంది నిలబడే చోటు రోజూ తీసుకోవడం కూడా పరిగ్రహమే కదా? వారానికి ఐదు గంటలు తిరిగిచ్చేయడం త్యాగం కాదు. అది వాళ్ల వంతు, అంతే.