ప్రేమ యొక్కటియా, పెక్కులా?

1526వ సంవత్సరమున జర్మనీ దేశమందలి వర్మ్స్ పట్టణమున, విలియం టిండేల్ అను ఆంగ్ల పండితుడు నూతన నిబంధనను గ్రీకు మూలమునుండి తన మాతృభాషలోనికి తెచ్చి ముద్రింపించినప్పుడు, పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని పదమూడవ అధ్యాయమున, అంతకు పూర్వము లాటిను బైబిలులోని 'కారితాస్' ననుసరించి 'చారిటీ' యని చెప్పబడుచుండిన చోట్లనెల్ల 'లవ్' అను మాటను నిలిపెను. తల్లి బిడ్డయెడ జూపు మమకారమునకును, యువతీయువకుల వలపునకును, మిత్రుల చెలిమికిని, తుదకు నచ్చిన భోజనముపై గల మక్కువకును ఆంగ్లేయులు వాడుకొను ఆ మాటయే, దేవుడు మానవునియెడ జూపు కృపకును, మానవుడు దేవునియెడ నిలుపవలసిన భక్తికిని పేరైనది. కాథలిక్కు పక్షమునకు చెందిన ఆంగ్ల పండితుడగు సర్ థామస్ మోర్ 1529లో ప్రకటించిన సంవాదగ్రంథమున దీనిని తీవ్రముగా ఖండించెను.

మోరుని యాక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. 'చారిటీ' యన్నప్పుడు ఆంగ్లేయుని చెవికి సామాన్యమైన ప్రీతి తోచదు. సద్గుణముతో గూడి, క్రమము తప్పక నడచు ప్రేమయే తోచును. 'లవ్' అన్నచో పాపపుకోరికకును అందు తావున్నది. కావున పవిత్రమైన దానికి అట్టి పేరు తగదని ఆయన వాదము. టిండేల్ 1531లో దీనికి బదులు చెప్పుచు, 'అగాపే', 'కారితాస్' అను మాటలు క్రీస్తునకు పూర్వమే అన్యమతస్థుల నోట నలిగినవి గనుక వానికిని దైవప్రేమను మించిన విస్తృతార్థము కలదనియు, దేవుని 'లవ్' చేయుమని చెప్పగలమే గాని 'చారిటీ' చేయుమని ఆంగ్లమున పలుకజాలమనియు వ్రాసెను. ఈ రెండవ మాట పైకి వ్యాకరణవిషయమువలె కనబడినను, నాకు మాత్రము అందు గొప్ప మతసత్యము గోచరించుచున్నది: దేవుని ఆజ్ఞ ఒక పనిని చేయుమన్నది, ఆ పనిని చెప్పుటకు నిత్యజీవితమున అందఱును చేయుచుండు పనియొక్క పేరే కావలసి వచ్చినది. ప్రేమను గూర్చి ఇట్లు వాదించిన ఆ యిరువురును రాజదండనకే గురియైరి; మోరునకు 1535లో లండనునందు శిరశ్ఛేదము జరిగినది, టిండేలును మరుసటి సంవత్సరము బ్రస్సెల్సు సమీపమందలి విల్వోర్డునందు ఉరిబిగించి దహనము చేసిరి.

1611నాటి జేమ్సు రాజానువాదమున ఆ అధ్యాయములో 'చారిటీ' మరల చోటు చేసికొన్నది. అయితే కాలక్రమమున ఆ మాట అర్థము కుంచించుకొని దానధర్మములకే పరిమితమైనది. అందువలన, ఆస్తినంతయు బీదలకు పంచిపెట్టినను ఇది లేనిచో నిష్ప్రయోజనమను పౌలుని భావము, దానము చేసియు దానము లేనివాడన్నట్లు విపరీతముగా వినబడసాగెను. పవిత్రతకై ప్రత్యేకింపబడిన మాట జనుల హృదయమునుండి జారిపోవుటకు ఇంతకన్న మంచి నిదర్శనము నే నెఱుగను. 1881లో వెలువడిన సవరణానువాదము 'లవ్' అనియే తిరిగి వ్రాసినది.

గ్రీకుభాష కీ చిక్కు లేదనియు, అందు కాంక్షకు 'ఎరోస్', స్నేహమునకు 'ఫిలియా', కుటుంబమమతకు 'స్టోర్గే', దివ్యప్రేమకు 'అగాపే' అని వేర్వేరు నామములు కలవనియు పలువురు బోధకులు చెప్పుదురు. నూతన నిబంధనలో 'ఎరోస్' అను పద మొక్కచోటనైనను కనబడదనుట సత్యమే. కాని తక్కినది అంత తేలికగా తేలదు. హెబ్రీయుల గ్రంథములను గ్రీకులోనికి మార్చిన సెప్టువజింటున, దావీదు కుమారుడైన అమ్నోను తన చెల్లెలైన తామారును బలాత్కరించుటకు ముందు ఆమెపై పెంచుకొన్న దుష్టకాంక్షకును 'అగాపే' యనియే పేరు. పరమగీతములోని ప్రేయసీప్రియుల అనురాగమునకును అదియే పేరు. యోహాను సువార్తలో మనుష్యులు వెలుగుకన్న చీకటిని ప్రేమించిరని చెప్పిన చోటను ఆ పదముయొక్క క్రియారూపమే ప్రయుక్తమైనది. అంతటి పావనపదము చీకటిని వలచినవారిని గూర్చియు వాడబడినదనగా, ప్రేమయొక్క మంచిచెడ్డలు దాని నామమునందు గాక అది చేరదలచిన గమ్యమునందు వెదకవలసియున్న వని తేలుచున్నది.

ఈ శతాబ్దుల వివాదమును మిక్కిలి నిశితముగా నడపినవాడు స్వీడను దేశీయుడగు ఆండర్స్ నీగ్రెన్. 1930, 1936 సంవత్సరములలో వెలువడిన తన గ్రంథభాగములలో ఆయన, ప్లేటో వర్ణించిన ఎరోస్ దారిద్ర్యమునకు పుట్టిన బిడ్డ గనుక తనకు లేనిదానికై పైకి ఎగబ్రాకుననియు, అగాపే పూర్ణమునుండి క్రిందికి దిగివచ్చి, యోగ్యత లేనివానికి యోగ్యతను కలిగించుననియు, ఈ రెండింటికిని పొందిక లేదనియు వాదించెను. దైవకృప నిర్హేతుకమని ఇంత గట్టిగా చెప్పినవా రరుదు. అయినను ఆ మార్గమున తుదివరకు నడచినచో, ఏమియు లేని మానవుడు సర్వమును గల దేవుని ప్రేమించుట యెట్లన్న ప్రశ్న ఎదురగును; నీగ్రెన్ దానికి ప్రేమకంటె విశ్వాసమను పేరే తగునని చెప్పవలసి వచ్చెను. పూర్ణహృదయముతో దేవుని ప్రేమింపుమన్న ఆజ్ఞ అప్పుడు బలహీనపడును. ఆకలిగొన్నవాని ప్రేమ ప్రేమయే కాదన్నచో, మనలో దేవుని ప్రేమింపగలవా డెవ్వడు?

ప్రాచీన క్రైస్తవాచార్యుడగు ఆగస్టీను ఈ విషయమున నాకు పూజ్యుడు. లాటినునందు 'దిలెక్తియో', 'కారితాస్' అనునవి మంచివనియు, 'అమోర్' చెడ్డదనియు కొందఱు విభజింపగా, లేఖనములు అట్టి భేదమును పాటింపలేదని ఆయన 'దైవనగరము'న చూపి, సత్సంకల్పమే సత్ప్రేమ యనియు, వక్రసంకల్పమే దుష్ప్రేమ యనియు నిర్ణయించెను. మన చైతన్య సంప్రదాయమువారును కామమునకు ప్రేమకు భేదము చెప్పునప్పుడు తన యింద్రియముల తృప్తి గోరునది కామమనియు, కృష్ణుని తృప్తి గోరునది ప్రేమ యనియు గమ్యమునుబట్టియే చెప్పిరి. ప్రేమ యొక్కటియే యని, అది దేనిని గోరి యెటు తిరుగుచున్నదో అదియే దాని పాపపుణ్యములను నిర్ణయించునని నేను విశ్వసించుచున్నాను.

కనుకనే తాళ్లపాక అన్నమాచార్యుడు ఒక్క వేంకటేశ్వరునికే అధ్యాత్మ సంకీర్తనములను శృంగార సంకీర్తనములను గూడ సమర్పింపగలిగెను. ఆయన సంకీర్తనములు చెక్కబడి తిరుమలలో దొరికిన రాగిరేకులలో శృంగార సంకీర్తనములే సంఖ్యలో నధికము. నాయిక విరహమును పాడిన పదములను భక్తికి తక్కువవిగా నెంచి, వైరాగ్యము చెప్పిన పదములనే పూజకు యోగ్యములుగా భావించు అలవాటు మనలో కొందఱికి నేటికిని కలదు. ఆ రెండును ఒక్క హృదయము ఒక్క దైవమునకు నివేదించినవి. పాఠకులు వానిని విడదీయక కలిపి చదువవలెనని నా మనవి.