కానరాని గెలాక్సీలు - అనుపలబ్ధి విచారము

ఒక వస్తువు కనబడనంత మాత్రమున అది లేదని నిశ్చయింపవచ్చునా? మన శాస్త్రకారులకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. భూతలమున ఘటము లేదని చెప్పుటకు అది కనబడకపోవుట చాలదు. ఉన్నచో తప్పక కనబడదగిన స్థితిలో కనబడకుండవలెను. దీనినే యోగ్యానుపలబ్ధి అందురు. చీకటిగదిలో తడవి ఘటాభావమును సిద్ధాంతము చేయుట తగదు. అనుపలబ్ధి వేఱు ప్రమాణమా కాదా అను వివాదము ఇచట అప్రస్తుతము. విశిష్టాద్వైతులు ప్రత్యక్షానుమానశబ్దములనే ప్రమాణములుగా గ్రహింతురు.

ఉన్న వస్తువే కానరాకుండుటకు ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికలలో ఎనిమిది హేతువులు చెప్పెను. అతిదూరము, అతిసామీప్యము, ఇంద్రియలోపము, మనస్సు నిలువకపోవుట, సూక్ష్మత, అడ్డు, అభిభవము, సమానవస్తువులతో కలసిపోవుట అనునవి అవి. ఉత్సవమున దివిటీల నడుమ ప్రమిదలోని వత్తి వెలుగు తెలియకుండుట అభిభవము.

ఖగోళమున ఈ హేతువులు పెక్కు ఒక్కచోట కూడియున్నవి. కన్యారాశిలోని గెలాక్సీ సమూహమునకు బింగ్గెలి, సాండేజ్, టామ్మన్ అను విద్వాంసులు 1985లో ప్రకటించిన పట్టికలో రెండువేలకు పైగా గెలాక్సీలు కలవు. ఆ సమూహమునకు చెందినవానిలో అధికసంఖ్య వామన గెలాక్సీలే. వీనిలో మిక్కిలి మందమైనవాని వెలుగు మన రాత్రి ఆకాశపు సహజకాంతికంటెను తక్కువ.

అంతకంటె దూరమున, సుమారు 32 కోట్ల కాంతిసంవత్సరముల ఆవల, కోమా సమూహము కలదు. కెమెరా కటకములను గుదిగుచ్చి నిర్మించిన డ్రాగన్‌ఫ్లై దూరదర్శినితో 2015లో అచట 47 అతివిరళ గెలాక్సీలను గుర్తించిరి. నక్షత్రసంపదలో అవి మన పాలపుంతలో నూఱవ వంతో, వేయవ వంతో. విస్తారమున మాత్రము దానితో పోల్చదగినవి. వామనుడే త్రివిక్రముడైన కథ నెఱిగినవారికి ఇది వింతగా తోపకపోవచ్చును. ఆ యేడే జపానువారి సుబారు దూరదర్శిని చిత్రములను వెదకగా అట్టివి 854 తేలినవి. ఆ చిత్రములు మునుపే తీసి భద్రపరచినవి! వెలుగు పటమున చేరియేయున్నది. ఇచట దూరమును, సూక్ష్మతను నిందించుట చెల్లదు. మనస్సు నిలువకపోవుటయే హేతువు.

ఒకనియందు గుణము కానరాలేదని వానిని గుణహీనుడనువారు ఎందఱో కలరు. ఆ మాట పలుకుటకు ముందు ఈ ఎనిమిదింటిలో ఏదియు అడ్డురాలేదని చూపు భారము పలుకువానిదే కాని, మౌనముగా నున్నవానిది కాదు. పెద్దల కీర్తిని గూర్చియు ఇట్లే విచారింపవలెను. సమూహమధ్యముననున్న మహాగెలాక్సీల ఆకర్షణచే వామనములు చీలిపోవును. వాని నక్షత్రములు కొన్ని సమూహాంతరాళమున చెదరును, కొన్ని ఆ మహాగెలాక్సీ అంచులనే చేరును. దాని ప్రభ యని మనము పొగడుదానిలో కొంత వానిదే.


అయినను కొన్ని వామనములు ఆ ఒత్తిడిలో చెదరక నిలిచియున్నవి. అంత కొద్ది నక్షత్రములు తమ బరువుచేత నిలువజాలవు గనుక, కానరాని ద్రవ్యమేదో వానిని పట్టియున్నదని శాస్త్రజ్ఞులు ఊహించుచున్నారు. 1933లో జ్విక్కీ పండితుడు ఈ కోమా సమూహమునందే గెలాక్సీల వేగములను చూచి, అదృశ్యద్రవ్యమును అనుమానప్రమాణముతోనే సాధించెను.